స్టెర్గియోస్ పేజీ రాసిన అమ్మాయి

గ్రీసు దేశపు రేవు పట్టణం వోలోస్‌లో ఆ ఏడు నగర ప్రణాళిక చదువు ముగించి బయటికొచ్చిన బ్యాచ్‌లో ఏడుగురు మగపిల్లల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఏడుగురూ ఒకటే కోటు తొడుక్కున్నారు. ముదురు నీలం కోటు. ఒకడికి భుజాల దగ్గర పట్టేసింది, ఇంకొకడికి చేతులు వేళ్ళదాకా దిగాయి. అది థెక్లా వ్రానూ వాళ్ళ నాన్నది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. బీరువాలో ఊరికే వేలాడుతున్నదాన్ని థెక్లా బయటికి తీసి, దులిపి, ఇస్త్రీ చేసి, ఒక ఆదివారం పొద్దున యూనివర్సిటీ భవనం వెనకాల తెల్లగోడ దగ్గరికి తెచ్చింది. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి తన ఫోనుతో తనే ఫోటోలు తీసింది.

"కొంచెం నవ్వరా! పోలీస్ స్టేషన్‌లో తీస్తున్నట్టు ఆ మొహమేంటి?"

"నవ్వితే పళ్ళు కనపడతాయే."

"కనపడనీ. పళ్ళున్నవాళ్ళకి ఉద్యోగం ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదు."

ఆ ఫోటోలన్నీ ఉద్యోగాల నెట్‌వర్క్‌లోకి ఎక్కాయి. ఏథెన్స్‌లో, థెస్సలోనికీలో పని ఉన్నవాళ్ళంతా అక్కడే కనపడతారు. పని లేనివాళ్ళు తలుపు తట్టేదీ అక్కడే. చదువైపోయిన పిల్లలు రేవు పక్క కాఫీ షాపుల్లో ఒక్కో చల్లటి కాఫీ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు మెసేజీలు పంపేవాళ్ళు. థెక్లా ఫోటోలతో ఆగలేదు. తోటివాళ్ళ ప్రొఫైళ్ళు కూడా తనే రాసి పెట్టేది.

రాయడం ఆమెకు సహజంగా అబ్బింది. ముందు ఎదుటివాళ్ళను కూర్చోబెట్టి కబుర్లు చెప్పించేది. ఒక అమ్మాయి, తనకు ఏ అనుభవమూ లేదని ఏడుపు మొహం పెట్టింది. వేసవి సెలవుల్లో ఏం చేసేదానివని అడిగితే, మావయ్య చేపల దుకాణంలో నిలబడేదాన్నంది. "మూడు వేసవులు చేపలు అమ్మాను. కోపంగా వచ్చినవాళ్ళను నవ్విస్తూ పంపడం అక్కడే నేర్చుకున్నాను" అని థెక్లా రాసింది. ఆ ఒక్క వాక్యం చూసి ఆ అమ్మాయిని లారిసాలో ఒక సంస్థ పిలిచింది.

ఆమె అందరికంటే ఎక్కువ కష్టపడింది స్టెర్గియోస్ బబాలిస్ కోసం. అతను కర్దిత్సా వైపు పత్తి పొలాల మధ్య ఊరివాడు. మ్యాపులు గీయడంలో క్లాసు మొత్తంలో అతన్ని మించినవాడు లేడు. నాలుగు గీతలు గీసి ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి అన్నాడంటే నిలిచేవే. ఒక్క వాక్యం రాయమంటే మాత్రం చెమటలు పట్టేవి. మూడో ఏడు నుంచీ ఇద్దరూ కలిసే తిరిగేవారు. థెక్లా వాళ్ళమ్మ ఆంథూలా ఒక బేకరీలో పనిచేసేది. సాయంత్రం మిగిలిన తిరోపిటాలు, ఉప్పటి చీజ్ కూరిన ఆ రొట్టెలు, మూటగట్టి తెచ్చి ముందు అతని పళ్ళెంలోనే వేసేది.

"తిను నాయనా, పొలం దున్నే వాళ్ళింట పుట్టి పిచ్చుకలా తింటావేంటి?"

"ఆంథూలమ్మా, ఇది నాలుగోది."

"లెక్కపెట్టమని నిన్నెవరడిగారు?"

అతని ప్రొఫైల్‌కి థెక్లాకు తొమ్మిది రోజులు పట్టింది. అతను ఏదో గొణిగేవాడు. ఆమె వినేది, రాసేది, గట్టిగా చదివి వినిపించేది. "ఇది నేనేనా?" అని అతను నోరు తెరిచేవాడు. "నువ్వేరా. నీకు చెప్పుకోవడం రాదు, అంతే" అనేది.

అప్పుడే ఏథెన్స్‌లో ఒక కంపెనీలో మ్యాపుల పనికి ఒక్క ఖాళీ ఉందని తెలిసింది. థెక్లా కూడా దానికి సరిపోతుంది. కానీ ఆమె అడగలేదు. "ఇది నీదే. నాది తర్వాత చూద్దాం" అని, ఆ కంపెనీలో పెద్ద ఇంజినీరైన ఎవ్డోకియాగారికి అతని పేరుతో మెసేజ్ రాసింది. మొత్తం ఆరు వాక్యాలు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పత్తి చేలో ఏ మూల నీళ్ళు నిలుస్తాయో కర్రపుల్లతో మట్టిలో గీసి చూపించేవాడనీ, తాను చూసిన మొదటి మ్యాపు అదేననీ రాసింది. మరుసటి రోజే జవాబొచ్చింది. ఇంటర్వ్యూ థెక్లా వాళ్ళ వంటింట్లోనే, కంప్యూటర్ ముందు జరిగింది. నలభై నిమిషాలూ ఆంథూలా మిక్సీ ముట్టుకోకుండా, దగ్గు కూడా చేత్తో అదిమిపెట్టుకుని బాల్కనీలో నిలబడింది.

ఉద్యోగం వచ్చింది. అందరూ రేవు దగ్గర కూర్చుని సిపురో అనే ద్రాక్షసారా తాగారు. స్టెర్గియోస్ థెక్లా చెయ్యి వదల్లేదు. "ఆరు నెలలు. ఆరు నెలల్లో నిన్నూ లాక్కుంటాను" అన్నాడు. ఆ మాట అతను మనసారా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఏథెన్స్ వెళ్ళిన రెండోవారం నుంచి సాయంత్రాలు అతని మెయిళ్ళు రావడం మొదలైంది. "ఇది ఒకసారి చూడవూ. పొద్దున్నే పంపాలి." ముందు ఉత్తరాలు, తర్వాత మీటింగ్ నోట్సు, తర్వాత పెద్ద పెద్ద రిపోర్టులు. థెక్లా పగలంతా ఒక కాఫీ షాపులో ట్రేలు మోసి వచ్చి, కాళ్ళు కుర్చీమీద పెట్టుకుని అవన్నీ తిరగరాసేది. ఆమెకు అదొక బరువనిపించలేదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని పనిచేస్తున్నట్టుండేది. తన సొంత మెసేజీలు మాత్రం వెనకబడ్డాయి. పంపినవాటికి జవాబులు రాలేదు. బ్యాచ్‌లో వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె ప్రొఫైల్‌లో ఫోటో చుట్టూ 'పని కోసం చూస్తున్నాను' అన్న ఆకుపచ్చ పట్టీ ఏడాది దాటినా అలాగే ఉండిపోయింది.

ఆ సెప్టెంబరులో వరద వచ్చింది. కొండమీద పడ్డ వాన వాగులోంచి ఊరిమీదికి దూకింది. థెక్లా వాళ్ళుండే నియా ఇయోనియాలో బేస్‌మెంట్లన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక బురద, బురద తీశాక దుర్వాసన. కుళాయిల్లో వారాల తరబడి చుక్క నీరు లేదు. థెక్లా బూట్లు వేసుకుని పార పట్టుకుని వీధి చివర పనోరేయా అనే ముసలామె ఇంట్లో నాలుగు రోజులు బురద ఎత్తింది. నెలాఖరుకు థెక్లా పేరుగల పునీతురాలి పండగ వచ్చింది. పేరుపండగకు అందరూ కేకు తెస్తారు. స్టెర్గియోస్ ఏథెన్స్ నుంచి ఎవరి కారో అడిగి తీసుకుని, వెనక సీటు నిండా నీళ్ళ డబ్బాలు వేసుకొచ్చాడు. ఒక్కో డబ్బా భుజానికెత్తుకుని మూడో అంతస్తుకి మోశాడు. ఆంథూలా అతని తలమీద చెయ్యి పెట్టి ఏడ్చింది.

నవంబరులో వరద నష్టం మీద రిపోర్టు రాసే పని స్టెర్గియోస్ కంపెనీకే వచ్చింది. ఇద్దరు మనుషులు కావాలన్నారు. ఊరు తెలిసినవాళ్ళు, ఇంటింటికీ తిరిగి జనం చెప్పేది విని రాయగలిగినవాళ్ళు. నెట్‌వర్క్‌లో ఆ ప్రకటనను థెక్లా రెండుసార్లు చదివింది. వెంటనే ఫోన్ చేసింది.

"చూశావా?"

"చూశాను."

"నా పేరు చెప్తావుగా?"

ఒక్క క్షణం ఆగి, "చెప్పకుండా ఎలా ఉంటానే?" అన్నాడు.

ఆమె దరఖాస్తు పంపింది. కాఫీ షాపు వాళ్ళకు డిసెంబరు నుంచి రానని చెప్పేసింది. మూడు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం బస్సులో కూర్చుని ఫోన్ తెరిస్తే ఎవ్డోకియాగారు పెట్టిన ఫోటో కనిపించింది. "మా వరద బృందంలోకి ఇద్దరు కొత్తవాళ్ళు. స్వాగతం!" ఎవరో ఇద్దరు, ఏథెన్స్ పిల్లలు. వాళ్ళ వెనకాల స్టెర్గియోస్ చప్పట్లు కొడుతున్నాడు. అదే సాయంత్రం అతని మెయిల్ వచ్చింది. ఇది ఒకసారి చూడవూ, అని.

సోమవారం ఆమె బస్సెక్కి ఏథెన్స్ వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళింది. ఆఫీసు కింద చిన్న చౌకు ఉంది, నాలుగు నారింజ చెట్లు, ఒక బెంచీ. అతను భోజనానికి దిగి ఆమెను చూసి ఆగిపోయాడు.

"అమ్మ బాగుందా?" అన్నాడు.

"బాగుంది. నా పేరు చెప్పావా?"

అతను బెంచీమీద కూర్చున్నాడు. చేతిలో రొట్టె పొట్లం విప్పలేదు.

"ఎవ్డోకియాగారు అడిగారు. వోలోస్‌లో నీకు తెలిసినవాళ్ళెవరన్నా ఉన్నారా, బాగా రాసేవాళ్ళు అని."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ లేరన్నాను."

"నా దరఖాస్తు?"

"వందల్లో వచ్చాయి థెక్లా. ఎవరైనా చెప్పినవాళ్ళవే తెరిచారు."

పక్కనుంచి ట్రాలీబస్సు పోయింది. ఎవరో పిల్లాణ్ణి కేకలేస్తున్నారు.

"ఎందుకురా?" అంది చివరికి.

"నువ్వొస్తే పది రోజుల్లో తెలిసిపోతుంది." మాటలు తోసుకుంటూ వచ్చాయి. "నీ రాత చూస్తారు, నా రాత చూస్తారు. రెండూ ఒకటేనని ఎవడికైనా తెలుస్తుంది. ఆవిడ మీటింగుల్లో నన్ను లేపి నిలబెడుతుంది, స్టెర్గియోస్‌లా రాయండి అంటుంది. నేను మ్యాపులు బాగా గీస్తానని ఇక్కడ ఒక్కడూ అనడు. నా రాత బాగుందంటారు! నేనేం చెప్పను వాళ్ళకి?"

"నిజం చెప్పు."

"చెప్పి? మా నాన్న దగ్గరికెళ్ళి పత్తి లోడ్లు ఎత్తనా? ఆయన ఊరంతా చెప్పుకున్నాడు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇల్లు చూస్తున్నాను తెలుసా. మనిద్దరికీ. చిన్నదే, బాల్కనీ ఉంది. నువ్వు వచ్చెయ్. పనిదేముంది, వేరేచోట దొరుకుతుంది."

"ఆ ఇంట్లో నేను ఏం చేస్తుంటాను?"

అతను పొట్లం మీది కాగితాన్ని గోటితో గీకాడు.

"సాయంత్రాలు నీ రిపోర్టులు దిద్దుతుంటాను. అంతేగా?"

కాదు అంటాడని ఆమె చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, కూర్చునేదే. అతను అనలేదు. ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, నవంబరులో ఫోనులో చెప్పిన ఆ ఒక్కటీ తప్ప. థెక్లా లేచి, అతని భుజంమీద పడ్డ ఎండుటాకు అలవాటుకొద్దీ తీసి, బస్టాండుకు నడిచింది. తిరుగు ప్రయాణంలో ఏడుపు రాలేదు. తనకే ఆశ్చర్యమేసింది.

వాళ్ళమ్మకు, విడిపోయాం అని మాత్రం చెప్పింది.

"ఇంకొకత్తె దొరికిందా వాడికి?"

"లేదమ్మా."

"మరి?"

"దూరమైపోయాం, అంతే."

"నీళ్ళ డబ్బాలు మోసినవాడేనే!" అంది ఆంథూలా. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. థెక్లాయే ఏదో మాట జారి ఉంటుందని లోపల్లోపల అనుకుంది. ఆ అనుమానం కూతురికి తెలుస్తూనే ఉంది.

జనవరి చివర్లో స్టెర్గియోస్ నుంచి మళ్ళీ ఒక మెయిల్ వచ్చింది. "ఇది నాకోసం కాదు. మీ వీధి గురించి. ఆ కొత్తవాళ్ళిద్దరూ రెండు రోజులుండి వెళ్ళిపోయారు. నాకు రాయడం చాతకావడం లేదు. చూడకపోయినా తప్పులేదు." థెక్లా చూడకుండా మూసేసింది. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడోరోజు తెరిచింది. నియా ఇయోనియా బేస్‌మెంట్లలో నివాసం నామమాత్రమనీ, నష్టం ఎక్కువగా పాత సామాన్లకేననీ రాసి ఉంది.

ఆమె కోటు తగిలించుకుని వీధిలోకి వెళ్ళింది. నాలుగు మధ్యాహ్నాలు గడప గడపకీ తిరిగింది. పనోరేయా ఎదురుగా కూర్చుంది. ఆ ముసలామె బేస్‌మెంట్‌లోనే ముప్ఫై ఏళ్ళుగా కాపురముంటోంది. నీళ్ళు నాలుగో మెట్టు దాటాక బల్లమీదికెక్కి, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, తెల్లారేదాకా పక్కింటి వాళ్ళను పేరుపేరునా పిలుస్తూ కూర్చుంది. "పిలుస్తుంటే భయం తగ్గిందే తల్లీ. ఎవరూ పలకలేదనుకో. వాళ్ళూ మునిగిపోతున్నారుగా" అంది. ఎందుకడుగుతోందో ఎవరికీ చెప్పకుండా, ఇంటికొచ్చి థెక్లా అన్నీ రాసింది. ఎవరింట్లో ఎన్నో మెట్టుదాకా వచ్చాయో, ఎవరు ఇంకా చుట్టాల ఇళ్ళలో పడుకుంటున్నారో రాసింది. రిపోర్టు తప్పుగా పోతే నష్టపోయేది స్టెర్గియోస్ కాదు, ఈ మెట్లు దిగే మనుషులు. ఒక్క పలకరింపు మాట లేకుండా పంపేసింది. ఆ వెంటనే నెట్‌వర్క్‌లో అతని పేరు తీసేసింది, ఫోన్‌లో నంబరు కూడా బ్లాక్ చేసింది.

ఏప్రిల్‌లో పురపాలక భవనంలో ఆ రిపోర్టు జనానికి చదివి వినిపించారు. థెక్లా వెళ్ళకూడదనుకుంది. కానీ పనోరేయాను మెట్లెక్కించడానికి ఎవరో ఒకరు కావాలి. ఆంథూలా కూడా బేకరీ నుంచి అటే వచ్చేసింది. ముగ్గురూ చివరి వరసలో కూర్చున్నారు.

స్టెర్గియోస్ సొంత కోటు వేసుకున్నాడు. సన్నబడ్డాడు. మ్యాపులు చూపిస్తున్నంతసేపూ గొంతు గట్టిగానే ఉంది. నియా ఇయోనియా దగ్గరికి వచ్చి చదవడం మొదలుపెట్టాడు. ఈ వీధిలో ఆ రాత్రి ఒక స్త్రీ బల్లమీద కూర్చుని పొరుగువాళ్ళను పేరుపేరునా పిలిచింది, అన్న చోట హాల్లో తలలు పైకి లేచాయి. పనోరేయా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడతను తలెత్తాడు. చివరి వరస కనపడింది. చదవాల్సిన చోటు తప్పిపోయి, అదే వాక్యం రెండుసార్లు చదివాడు.

అయిపోయాక ఒక పెద్దాయన లేచి, "ఆ బల్ల సంగతి మీకెట్లా తెలిసింది బాబూ? మా ఇంటికెవరూ రాలేదే ఏథెన్స్ నుంచి" అన్నాడు. స్టెర్గియోస్ ఎవ్డోకియాగారి వైపు చూశాడు. నీళ్ళు తాగాడు. "మా బృందం తిరిగిందండీ" అన్నాడు.

బయట మెట్లమీద పనోరేయా అతన్ని ఆపి రెండు చేతులూ పట్టుకుంది. "చల్లగా ఉండు నాయనా. మాలో ఒకడివై రాశావు."

"నేను కాదండీ అది..." అన్నాడు. థెక్లా పక్కనే ఉంది. అతని పెదవులు కదిలాయి. అంతలో లోపల్నుంచి ఎవ్డోకియాగారు పిలిచారు, స్టెర్గియోస్, ఫోటోకి రా, అని. అతను ఒకసారి థెక్లాను చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తూ ఆంథూలా కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

"ఎంత బాగా రాశాడే! వాడికింత మనసుందని మనకు తెలియకపోయె." కొంతదూరం నడిచాక కూతురి మోచెయ్యి పట్టుకుంది. "నేనంటున్నానని ఏమనుకోకు తల్లీ. నువ్వూ అలా రాయడం నేర్చుకోకూడదూ? అప్పుడు నీకూ ఎవరో ఒకరు పని ఇస్తారు."

థెక్లా నడక నెమ్మది చేసింది. మూలమలుపు దగ్గర కోటు గుండీ పెట్టుకుంటున్నట్టు వెనక నిలబడిపోయింది. ఏథెన్స్ బస్సులో రాని ఏడుపు అక్కడొచ్చింది. వాళ్ళమ్మ నాలుగడుగులు ముందుకెళ్ళి, "రావే, చలిగా ఉంది" అంది. వస్తున్నానమ్మా అంది థెక్లా.

వేసవిలో ఆ వీధిలో బేస్‌మెంట్లకు పంపులు పెట్టారు. రిపోర్టు చూసే పెట్టారని అందరూ అనుకున్నారు. పనోరేయాకు రెండో అంతస్తులో గది దొరికింది. స్టెర్గియోస్ ఇంకా అదే కంపెనీలో ఉన్నాడు. రిపోర్టులు ఇప్పుడు ఎవరు దిద్దిపెడుతున్నారో, తనే నేర్చుకున్నాడో, థెక్లాకు తెలియదు.

థెక్లాకు ఇప్పుడు ఇరవై ఏడు. రేవు దగ్గర పడవల టికెట్లమ్మే ఆఫీసులో కిటికీ వెనక కూర్చుంటుంది. వేసవిలో ఊపిరాడని పని, చలికాలం ఖాళీ. మొన్న జూన్‌లో స్కియాథోస్ దీవి పడవకు టికెట్ కొనడానికి వచ్చిన ఒక అమ్మాయి, ఆమె చొక్కా మీది పేరు చదివి ఆగింది.

"అక్కా, థెక్లా అంటే మీరేనా? మా సీనియర్లు చెప్పారు, మీరు ప్రొఫైళ్ళు రాసి పెట్టేవారంట. నాకు మూడు నెలల నుంచి ఒక్క జవాబూ రాలేదు. ఒక్క పది నిమిషాలు..."

థెక్లా ఆ పిల్ల మొహంకేసి చూసింది. వేసవుల్లో ఏం చేసేదానివి అన్న ప్రశ్న నోటిదాకా వచ్చింది.

"అవన్నీ మానేశానమ్మా" అంది. "ఒకరా, ఇద్దరా?"

"ఒకరే" అంది ఆ అమ్మాయి. టికెట్ తీసుకుని, వెనక క్యూ తోస్తుంటే పక్కకు జరిగింది.